‘మా డేటు’ ఎవరి డేటు? విడాకుల తర్వాత హెచ్-4 భార్య నివాస హక్కు: ఒక పరిశీలన

డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఒక అద్దె ఇంటి వంటగదిలో కూర్చుని మాట్లాడుతున్నప్పుడు ఈ వ్యాసానికి బీజం పడింది. ఎదురుగా ఉన్నామెది గుంటూరు జిల్లా. భర్తది హెచ్-1బి ఉద్యోగ వీసా, అతని ఆధారంగా వచ్చిన హెచ్-4 వీసా ఆమెది. విడాకుల డిక్రీకి ఇంకా మూడు వారాలుంది. కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ ఫైల్లో సర్దుకుంది: పాస్‌పోర్టు, ఐ-94, ఐ-797 నోటీసులు, హైదరాబాద్ కాన్సులేట్‌ ఇంటర్వ్యూకి పట్టుకెళ్లిన పెళ్లి ఫొటోలు. ఒక్కొక్కటే తీసి చూపిస్తూ "మాది 2014 జూన్ డేటండీ" అంది. అని ఆగింది. "అదే, ఆయనది" అని దిద్దుకుంది.

ఆ దిద్దుబాటు దగ్గరే నేను ఆగిపోయాను. డేటంటే ప్రయారిటీ డేట్, గ్రీన్‌కార్డు వరుసలో ఎవరి స్థానం ఎక్కడో తేల్చే తేదీ. ఆమె మొదట అన్న మాటే సరైనదని, చట్టమే దాన్ని తప్పుగా దిద్దిందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పూర్వ పరిశీలనల తీరు

ఈ విషయం మీద మన దేశంలో జరిగిన చర్చంతా ‘ఎన్నారై అల్లుడి మోసం’ చుట్టూనే తిరిగింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన లా కమిషన్ 287వ నివేదిక కూడా ఎన్నారై పెళ్లిళ్లకు సమగ్ర చట్టం కావాలంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేయాలంది. మంచిదే. కానీ పెళ్లి నిజమైనదే అయి, పదేళ్లు కాపురం చేసి, ఇద్దరూ ఇష్టపడే విడిపోతే, ఆ మర్నాడు ఆమె ఏ దేశంలో ఉండాలన్న ప్రశ్నకు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ జవాబు చెప్పదు.

అమెరికా వైపు నుంచి ఈ సంగతిని లోతుగా పట్టించుకున్న పుస్తకం పల్లవి బెనర్జీ ‘ది ఆపర్చునిటీ ట్రాప్’ (2022). టెక్ ఉద్యోగుల భార్యలనూ, నర్సుల భర్తలనూ పక్కపక్కన పెట్టి, డిపెండెంట్ వీసా ఇంటిలోపలి సంబంధాలను ఎలా వంకర తిప్పుతుందో ఆమె చూపించారు. ఆ శ్రమను కాదనను. నా తగవు ఆ పుస్తకం బరువు ఎక్కడ పెట్టిందన్న దానితో. పని చేయనివ్వకపోవడమే ఆ వాదానికి నడుం. ఆ తర్వాత వచ్చిన చర్చలన్నీ అక్కడే ఆగిపోయి, భార్య చేతికి ఈఏడీ (పని అనుమతి కార్డు) వస్తే సగం బంధం తెగినట్టే మాట్లాడుతున్నాయి. నేను చూసింది వేరు. పని హక్కు, ఉండే హక్కు రెండూ వేరు వేరు తాళాలు. ఒక తాళంచెవితో రెండోది తెరుచుకోదు.

దీనికి రెండు సాక్ష్యాలు చట్టంలోనే ఉన్నాయి. కంపెనీ బదిలీ మీద వచ్చిన ఉద్యోగుల ఎల్-2 భార్యలకు 2021 నుంచి వీసా హోదాతోనే పని హక్కు వస్తోంది, విడిగా కార్డు అక్కర్లేదు. అయినా డిక్రీ వచ్చిన రోజున ఎల్-2 భార్య, పైసా సంపాదన లేని హెచ్-4 భార్య ఒకే గడప బయట నిలబడతారు. రెండోది ఇంకా సూటైనది. భర్త హింసకు గురైన హెచ్-4 భార్యలకు పని అనుమతి ఇవ్వాలని అమెరికన్ కాంగ్రెస్ 2005 నాటి మహిళలపై హింస నిరోధక చట్ట సవరణలో రాసింది. దరఖాస్తు ఫారం చేతికి రావడానికి 2017 దాకా పట్టింది. హింస కారణంగా విడాకులైతే రెండేళ్ల లోపు కూడా అడగవచ్చు. అయితే ఆ కార్డు పని చేసుకోనిస్తుందే గాని నివాస హోదా ఇవ్వదు. ఉద్యోగం చేయవచ్చు, ఉండటానికి మాత్రం హోదా లేదు. పని హక్కును కేంద్రంగా పెట్టుకున్న సిద్ధాంతం ఈ స్త్రీని ఎలా వివరిస్తుంది?

డేటు లెక్క

తెలుగులో ‘మా’ వేరు, ‘మన’ వేరు. ‘మా’ అన్నప్పుడు ఎదుటివారిని బయట ఉంచి, మాట్లాడే మనిషి తనను లోపల పెట్టుకుంటుంది. నేను మాట్లాడిన హెచ్-4 భార్యలు జీతం గురించి చెప్పేటప్పుడు ‘ఆయన జీతం’ అన్నారు. ఉద్యోగం ‘ఆయన ఉద్యోగం’. హెచ్-1బి కూడా ‘ఆయన హెచ్-1బి’యే. ప్రయారిటీ డేట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కాపురం నిలిచి ఉన్నంతకాలం ‘ఆయన డేటు’ అన్నవారు నాకు తగల్లేదు. మా ఇల్లు, మా పొలం అన్నట్టే మా డేటు. నెలనెలా వీసా బులెటిన్ రాగానే ముందు చూసేది ఎక్కువగా ఆమే. డేట్లు ముందుకు జరిగాయా, వెనక్కి పోయాయా అని ఊళ్లో ఉన్న అమ్మకు ఫోన్ చేసి చెప్పేదీ ఆమే. ఖమ్మంలో ఒక తండ్రి బీరువా తలుపు లోపల కూతురి పెళ్లి ముహూర్తం కింద ఆ డేటును బాల్‌పెన్‌తో రాసుకున్నారు. రెండూ ఒకే సిరా.

ఇది మాట వరసకు వచ్చే ‘మా’ కాదు. 2025లో భారతీయుల ఈబీ-2 (ఉన్నత విద్యార్హతల ఉద్యోగ గ్రీన్‌కార్డు) వరుస 2012, 2013 నాటి దరఖాస్తుల దగ్గరే ఉంది. ఏటా ఉద్యోగ కోటా 1,40,000, ఒక్కో దేశానికి సాధారణంగా ఏడు శాతం పరిమితి. ఆ వరుసలో నిలబడటానికి అయ్యే ఖర్చు ఎక్కువగా భార్యే పెడుతుంది: వదిలేసిన బ్యాంకు ఉద్యోగం, మధ్యలో ఆపిన పీజీ, ఆయన ప్రాజెక్టు మారినప్పుడల్లా సర్దిన సామాను. ఆ ఎదురుచూపుకు విలువ ఉందని 2015 మే 26 నుంచి అమలైన నిబంధనే ఒప్పుకుంది. ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్‌కార్డు పిటిషన్) ఆమోదం పొందినవారి భార్యలకు ఈఏడీ ఇచ్చింది ఈ సుదీర్ఘ నిరీక్షణ కారణంగానే కదా.

విడాకులయ్యాక ఆ డేటు ఏమవుతుంది? పోదు. ఆయన దాన్ని వేరే కంపెనీకి కూడా పట్టుకుపోగలడు. గ్రీన్‌కార్డు చేతికి వచ్చే లోపు మళ్లీ పెళ్లి చేసుకుంటే కొత్త భార్య అదే డేటు మీద వరుసలో చేరుతుంది. పదేళ్లు నిలబడిన మనిషి బయటికి, పది రోజుల క్రితం తాళి కట్టించుకున్న మనిషి లోపలికి. కొత్తగా వచ్చినామె తప్పేమీ లేదు. కానీ ఆ ఏళ్లు ఎవరివో చట్టం ఒక్కసారి కూడా అడగకపోవడం తప్పు.

టెక్సస్, కాలిఫోర్నియాలలో పెళ్లయ్యాక సంపాదించింది ఉమ్మడి ఆస్తి. ఇల్లు, ఫోర్-ఓ-వన్-కే పదవీ విరమణ నిధి, కంపెనీ షేర్లు అన్నీ కోర్టు లెక్కలోకి వస్తాయి. పెళ్లయ్యాక, ఇద్దరి త్యాగంతో, కాలం గడిచేకొద్దీ విలువ పెరుగుతూ వచ్చిన డేటు మాత్రం ఆ లెక్కలోకి రాదు. నా దృష్టిలో అదీ ఉమ్మడి ఆస్తే. మన సంబంధాల ప్రొఫైళ్లలో ‘ఐ-140 అప్రూవ్డ్’ అని ఎకరాల పక్కన ఎందుకు రాస్తారు? ఆంధ్ర ప్రాంతపు కట్నాల సొమ్ము ఐటీ వలసకు పెట్టుబడిగా మారిన తీరును షియాంగ్ బియావ్ తన ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ (2007)లో ఏనాడో చూపించారు. పెట్టుబడి పెట్టిన చేతికి ఫలంలో వాటా లేదనడం ఏ ధర్మం?

సాగదీసే కేసులు

ఉద్యోగం పోయిన హెచ్-1బి భర్తకు గరిష్ఠంగా 60 రోజుల గడువుంది, అతనితో పాటు భార్యకూ ఉంది. విడాకులతో భర్తనే పోగొట్టుకున్న భార్యకు ఆ గడువు లేదు. అందుకే ఆమె కేసును సాగదీస్తుంది. బయటివాళ్లు దాన్ని పంతం అనుకుంటారు. నిజానికి డిక్రీ రాని ప్రతి రోజూ ఆమెకు నివాసం ఉన్న రోజే. టెక్సస్‌లో పిటిషన్ వేశాక కనీసం 60 రోజులు ఆగాలి, కాలిఫోర్నియాలో ఎదుటి పక్షానికి నోటీసు అందాక ఆరు నెలలు. అంటే ఆమె ఎంతకాలం ఉండగలదన్నది ఫెడరల్ చట్టంతో పాటు ఆయన ఉద్యోగం ఏ రాష్ట్రంలో దొరికిందన్న దాన్ని బట్టి కూడా తేలుతోంది. ఆ కొద్ది వ్యవధిలోనే ఆమె ఎఫ్-1 (విద్యార్థి) హోదాకో బి-2 (సందర్శకుల) హోదాకో దరఖాస్తు పెట్టుకోవాలి. కాలిఫోర్నియాలో పుట్టిన పిల్లాడు తల్లికి స్పాన్సర్ కావాలంటే వాడికి 21 ఏళ్లు నిండాలి.

ఇటువైపు చూస్తే మరో చిక్కు. 1975లో తిరుపతిలో జరిగిన పెళ్లిని మిస్సోరీ కోర్టు 1980లో రద్దు చేస్తే, ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని మన సుప్రీంకోర్టు 1991లో తీర్పు చెప్పింది. స్త్రీ పక్షాన నిలిచిన గొప్ప తీర్పు అది. అయితే అమెరికా వలస చట్టం తన గడ్డ మీద ఇచ్చిన ఆ డిక్రీని ఒప్పుకుంటుంది. ఫలితంగా ఒకే స్త్రీ ఇక్కడ భార్యగా మిగిలి, అక్కడ ఎవరికీ ఏమీ కాకుండా పోయే పరిస్థితి వస్తుంది.

విడాకులకు ముందే గ్రీన్‌కార్డు అందుకున్నవారికి ఈ ఇబ్బంది లేదు, బూటకపు పెళ్లిళ్లను ఆపాలన్న ప్రభుత్వ భయమూ పూర్తిగా నిరాధారం కాదు. కానీ ఆ భయం యూరప్‌కూ ఉంది. అయినా 2004 నాటి ఈయూ ఆదేశం, విడాకుల కేసు వేసేనాటికి పెళ్లయి మూడేళ్లు నిండి, అందులో ఒక ఏడాది వారు వలస వెళ్లిన ఈయూ దేశంలో గడిపి ఉంటే, యూరప్ పౌరుడి విదేశీ జీవిత భాగస్వామికి నివాస హక్కు నిలుపుకునే దారి ఇచ్చింది. అక్కడ కాపురం చేసిన కాలానికి విలువ కట్టారు. హెచ్-4 చట్టం ఆ కాలాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

కనుక విడాకులయ్యాక ఆ డేటును ఇద్దరి పేరనా విడివిడిగా నిలపాలి. ఆమె తన అర్హతతో, తన పిటిషన్‌తో వచ్చిన రోజున ఆ పాత డేటు ఆమెకూ చెల్లాలి. అప్పటిదాకా ఉండే హోదా ఉండాలి. ఇంకో మాట కూడా అంటాను. భార్య ఎదురుచూపును ఆస్తిగా గుర్తించని చట్టం ఏ దేశానిదైనా, పెళ్లిని సమానుల ఒప్పందంగా ఇంకా ఒప్పుకోనట్టే లెక్క.

ఇర్వింగ్‌లో ఆ సాయంత్రం వెళ్లబోతూ ఐ-140 కాపీ చూపించమని అడిగాను. ఫైలంతా వెతికింది. లేదు. అది ఆయన కంపెనీ దగ్గర ఉంటుందంది, తను ఎన్నడూ చూడలేదంది. రోజు, నెల, సంవత్సరంతో సహా ఆ డేటు మాత్రం తడుముకోకుండా చెప్పింది.