వర్తకులు ఏలిన ఏలూరు సర్కారు

దేశ ఆర్థిక వ్యవస్థను నడిపేవారికి వ్యాపారానుభవం ఉండి తీరాలన్న వాదం ఎన్నికలు వచ్చినప్పుడల్లా వినిపిస్తూనే ఉంటుంది. గోదావరి పశ్చిమ డెల్టాకు, కొల్లేటి సీమకు వ్యాపారం తెలిసిన ప్రజాప్రతినిధులు కొత్త కాదు. 1947లో తణుకులో ఆంధ్రా షుగర్స్‌ను నెలకొల్పిన ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ శాసనసభ్యులుగా పనిచేశారు. నిర్మాణ రంగ పారిశ్రామికవేత్త కావూరి సాంబశివరావు ఏలూరు నుంచి లోక్‌సభకు ఎన్నికై, 2013-14లో కేంద్ర జౌళి శాఖ మంత్రిగా ఉన్నారు. ఇటువంటి పేర్లు ఎన్ని పోగుచేసినా వాదం ఎటూ తేలదు. వీరు నలుగురి మధ్య కూర్చున్న సభ్యులే తప్ప రాజ్యాన్ని సొంత సంస్థగా నడిపినవారు కారు. రాజ్యమంతా వర్తకుల చేతికే వచ్చిన కాలం మాత్రం ఈ సీమ చరిత్రలో నిజంగానే ఒకటుంది.

మొగలుల పాలనా విభాగాల్లో సర్కారు అంటే అనేక పరగణాలు కలిసిన మండలం. తీరాంధ్రలోని చికాకోలు, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు సర్కారులను కలిపి ఉత్తర సర్కారులు అనేవారు. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం నుంచి వీటికి ఫర్మానా, అంటే రాజశాసనం, పొందిన ఈస్టిండియా కంపెనీ, మరుసటి ఏడు నవంబరులో నిజాం అలీతో సంధి చేసుకుని, ఏటా పేష్కష్ అనే కప్పం చెల్లించే షరతు మీద గుంటూరు మినహా వాటిని తన అధీనంలోకి తెచ్చుకుంది. మొదట్లో ఏలూరు, రాజమండ్రి, కొండపల్లి సర్కారులను హుస్సేన్ అలీఖాన్‌కు కౌలుకిచ్చి దూరంగా ఉన్న కంపెనీ, 1769లో పాలనను నేరుగా చేపట్టింది. పేష్కష్ కోసం నిజాంతో దశాబ్దాలపాటు బేరాలు సాగించి, చివరికి 1823లో 11,66,666 రూపాయలు ఒక్కసారిగా ముట్టజెప్పి ఆ బాధ్యతనే వదిలించుకుంది. బేరంగా చూస్తే కంపెనీకి అది లాభసాటిదే.

నేరు పాలన మచిలీపట్నంలోని ముఖ్యాధికారి, ఆయన కౌన్సిలు చేతుల్లో 1794 దాకా నడిచింది. ఆ కౌన్సిలు సభ్యులు పాలకులుగా తర్ఫీదు పొందినవారు కారు. కంపెనీ కొలువులో హోదాలే రైటరు, ఫ్యాక్టరు, జూనియర్ మర్చంటు, సీనియర్ మర్చంటు అన్న క్రమంలో ఉండేవి. అంటే చిల్లర లెక్కలు రాసే గుమాస్తాగా చేరినవాడు మెట్లెక్కుతూ పెద్ద వర్తకుడయ్యేవాడు. జమీందారు నుంచి శిస్తు రాబట్టేదీ, సాలెవారికి బయానా ఇచ్చి బట్ట నేయించేదీ, ఆ బట్టకు ధర కట్టేదీ ఒకే కొలువు కావడంతో, ధర గిట్టదని నేతగాడు మొర పెట్టుకోవలసి వస్తే వినవలసింది కూడా ఆ కొలువే అయింది. శిస్తు రాబడిలో కొంత ఎగుమతి సరుకు కొనుగోలుకు మళ్లేది; దానికి కంపెనీ లెక్కల్లో పెట్టుబడి అని పేరు. ఇక్కడి రైతు కట్టిన పన్నుతో ఇక్కడి నేతగాడి బట్ట కొని లండన్‌లో అమ్ముకునే ఈ ఏర్పాటులో వ్యాపార దక్షతకు లోటేమీ లేదు.

ఆడం స్మిత్ 1776లో వెలువరించిన గ్రంథంలో సరిగ్గా ఈ మెలికనే పట్టుకున్నాడు. పాలకుడిగా కంపెనీ మేలు దేశం మేలుతో ముడిపడి ఉంటుందనీ, వర్తకుడిగా దాని లాభం అందుకు ఎదురు దిక్కున ఉంటుందనీ, ఈ రెంటిలో కంపెనీ రెండోదాన్నే పట్టుకు వేలాడుతుందనీ ఆయన తేల్చాడు. ఆయన మాటకు సాక్ష్యం కోసం ఎంతో దూరం పోనక్కర్లేదు. ఉత్తర సర్కారుల శిస్తు, భూముల స్థితి విచారించడానికి 1776లోనే సర్క్యూట్ కమిటీ అనే సంచార విచారణ సంఘాన్ని వేశారు. 1778లో మద్రాసు గవర్నరుగా వచ్చిన థామస్ రంబోల్డ్ దాన్ని రద్దుచేసి, జమీందారులనే మద్రాసుకు పిలిపించుకుని బందోబస్తు మాట్లాడాడు. అక్రమార్జన ఆరోపణల నడుమ కంపెనీ డైరెక్టర్లు 1781లో ఆయనను తొలగించారు. ఊళ్లు తిరిగి పొలాలు చూసే పని మళ్లీ మొదలవడానికి 1783 దాకా ఆగవలసి వచ్చింది.

చెరువు పూడిక తీయించడం, కాలువ తవ్వించడం వంటి పనుల ఫలం ఏళ్ల తరవాత గాని కనబడదు, కనబడినా అది ఊరందరికీ పంపిణీ అయిపోతుంది. ఏటేటా వాటాదారులకు డివిడెండు పంచవలసిన సంస్థకు ఇటువంటి ఖర్చు రుచించదు. 1832-33లో నందన కరువు గుంటూరు సీమను ఊడ్చిపెట్టింది. పొరుగున రాజమండ్రి జిల్లా జనాభా 1821లో సుమారు 7,38,000 ఉండగా, 1841 నాటికి సుమారు 5,34,000కు పడిపోయింది. లాంకషైర్ మిల్లు బట్టకు ఎదురు నిలవలేక, నరసాపురం దగ్గరి మాధవాయపాలెం వంటి కోఠీల్లో బట్ట కొనుగోలు ఆగిపోవడంతో, సాలెవారికి ఉన్న ఒక్క ఆధారమూ పోయింది.

ఇక్కడ తేదీల వరస గమనించదగినది. 1833 చార్టరు చట్టం కంపెనీ వర్తకాన్ని పూర్తిగా మాన్పించి, దానిని కేవలం పాలనా సంస్థగా మిగిల్చింది. రాజమండ్రి జిల్లా దుస్థితిపై హెన్రీ మాంట్‌గోమరీ నివేదిక 1844లో వచ్చింది. సైనిక ఇంజనీరు ఆర్థర్ కాటన్ చేపట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. గోదావరి నీరు తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు దాకా పారి, అక్కడ కృష్ణా కాలువను కలిసింది. ధాన్యం పడవల మీద సాగింది. వర్తకం మానిన తరవాతనే ఆనకట్ట వచ్చిందని చెప్పి ఊరుకుంటే మాత్రం అది సగం నిజమే అవుతుంది. పెట్టిన ఖర్చుకు శిస్తు రూపంలో ఎంత తిరిగివస్తుందో లెక్కగట్టి చూపినందువల్లనే కాటన్ మాట నెగ్గింది. లెక్క వర్తకుడిదే, కాకపోతే దాన్ని వేసినవాడు లాభాన్ని తన సరుకులో కాక సీమ పంటలో వెతికాడు.

వ్యాపారంతో నేరుగా పనిలేని పాలకులు కంపెనీకంటె మెరుగా అన్న ప్రశ్నకు కొల్లేరే సమాధానం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మోసుకొచ్చే వరదను తనలో పరుచుకుని, ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రానికి వదలడం ఈ సరస్సు చేసే పని. దానికి ఏ చిట్టాలోనూ జమ పద్దు లేదు. జలగం వెంగళరావు ప్రభుత్వం 1976లో లంక గ్రామాల పేదలకు సహకార సంఘాల ద్వారా చేపల చెరువులు ఏర్పాటు చేయించింది. ఉద్దేశం మంచిదే. కాలక్రమంలో లీజులు డబ్బున్నవారి చేతుల్లోకి జారి, గట్లు పెరిగి, సరస్సు గర్భమే చెరువులయింది. పిల్ల ధర, తవుడు ఖర్చు, హౌరాకు వెళ్లే ఐసు లారీ కిరాయి పైసలతో సహా తెలిసిన చెరువు యజమానికి, తన గట్టు వల్ల ఎగువన మునిగే వరిచేను నష్టం మాత్రం ఖర్చుల్లోకి రాదు.

1999లో ప్రభుత్వం సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత, అంటే అయిదో కాంటూరు, దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో వైద్యవృత్తి నుంచి వచ్చిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో పొక్లెయిన్లతో గట్లు తెగ్గొట్టించారు. తరవాత ఆ హద్దును మూడో కాంటూరుకు కుదించాలని కోరుతూ రాష్ట్ర శాసనసభే తీర్మానం చేసింది. ఆ సభలో వ్యాపారులున్నారు, రైతులున్నారు, వకీళ్లున్నారు, డాక్టర్లూ ఉన్నారు.