వర్చువల్ రియాలిటీ కదలికల శిక్షణ (ఆటిజం, వయోజనులు)

ఆటిజం ఉన్న పెద్దవారికి ఒంటి నిలకడ, నడక, చేతికీ కంటికీ పొంతన మెరుగుపడేందుకు కృత్రిమ దృశ్యాల్లో చేయించే సాధన. కళ్లకు హెడ్‌సెట్ పెట్టి, చేతికి కంట్రోలర్లు ఇస్తారు. ఉదాహరణకు, ఎదురుగా బంతి వస్తుంది. అందుకోబోతే చేయి ఎటు కదిలిందో, ఎంత ఆలస్యమైందో యంత్రం లెక్కగడుతుంది. బంతి వేగం, చప్పుడు, చుట్టూ జనం, అన్నీ మనిషిని బట్టి తగ్గించవచ్చు. దీని అసలు బలం ఇదే. అయితే కొందరికి కళ్లు తిరుగుతాయి, కొందరు హెడ్‌సెట్ తగలడమే ఓర్చుకోలేరు.

1996లో అమెరికాలో డొరొతీ స్ట్రిక్‌లాండ్ బృందం ఇద్దరు ఆటిజం పిల్లలపై వర్చువల్ రియాలిటీ ప్రయోగాన్ని ప్రచురించింది, వీధి దృశ్యాలతో. నేటికీ పరిశోధన మొగ్గు పిల్లల వైపే. గదిలో నేర్చింది బజారులో అక్కరకొస్తుందా అన్నది తేలాల్సే ఉంది గనుక ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీలకు దీన్ని తోడుగానే చూడాలి, బదులుగా కాదు.

ఇక మన దేశంలో సాయం, హక్కుల సంగతి: మేధో వైకల్యాలపై పనిచేసే జాతీయ సంస్థ 1984 నుంచి సికింద్రాబాద్‌లో ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. వైకల్య ధ్రువపత్రానికి పెద్ద వయసు అడ్డు కాదు.