నిల్వల లెక్క: హారిస్ సూత్రం నుంచి టొయోటా దాకా

1913 ఫిబ్రవరిలో అమెరికాలోని 'ఫ్యాక్టరీ' అనే పత్రికలో ఫోర్డ్ విట్మన్ హారిస్ అనే ఇంజనీరు, ఒక విడిభాగాన్ని ఒక్కో విడతలో ఎన్ని చొప్పున తయారు చేస్తే లాభమన్న ప్రశ్నకు గణితరూపంలో సమాధానం చెప్పాడు. యంత్రాన్ని కొత్త భాగానికి అనువుగా మార్చిన ప్రతిసారీ ఖర్చవుతుంది కనుక ఒకేసారి ఎక్కువ చేసుకోవడం మేలనిపిస్తుంది. చేసినదంతా గిడ్డంగిలో పడి ఉంటే చిక్కుబడిన పెట్టుబడికి వడ్డీ పెరుగుతుంది కనుక తక్కువ చేయడమే మేలనిపిస్తుంది. ఈ రెండు ఖర్చుల మొత్తం కనిష్ఠంగా ఉండే పరిమాణం, యంత్రాన్ని మార్చే ఖర్చుకు వర్గమూలాన్ని అనుసరించి మారుతుందని హారిస్ తేల్చాడు. అంటే ఆ ఖర్చు నాలుగో వంతుకు తగ్గితే విడత పరిమాణం సగానికి తగ్గుతుంది. ఆర్థిక ఆర్డర్ పరిమాణంగా పాఠ్యగ్రంథాలకెక్కిన ఈ సూత్రం చాలాకాలం విల్సన్ అనే మరొకరి పేరుతోనే చెలామణి కాగా, హారిస్ మూలవ్యాసం 1980ల చివర గాని తిరిగి వెలుగు చూడలేదు.

ఈ సూత్రం యంత్రం మార్పు ఖర్చును ఇచ్చిన అంకెగా తీసుకుంటుందే తప్ప అది అంత ఎందుకు ఉండాలని అడగదు. ఆ ప్రశ్న అడిగినవారు జపాన్‌లో బయలుదేరారు. అవసరమైన వస్తువు అవసరమైన వేళకు, అవసరమైనంతే అందాలన్న ఆలోచనను టొయోటా కార్ల సంస్థ స్థాపకుడు కీచిరో టొయోడా రెండో ప్రపంచయుద్ధానికి ముందే ప్రతిపాదించినా, 1950లో టొయోటా దివాలా అంచుకు చేరి, కార్మికుల తొలగింపుపై సమ్మె రేగి, ఆయనే అధ్యక్ష పదవి వదులుకోవలసి వచ్చిన తరువాత గాని అమ్ముడుపోని సరుకు ఎంత ప్రమాదకరమో ఆ సంస్థకు పూర్తిగా తెలిసిరాలేదు. అమెరికా సూపర్‌మార్కెట్లలో కొనుగోలుదారు తీసుకున్న మేరకే అరలు తిరిగి నింపే పద్ధతిని ఆదర్శంగా తీసుకున్న టొయోటా ఇంజనీరు తైఇచి ఓనో, వెనుక విభాగం తయారు చేసి ముందుకు నెట్టే ఏర్పాటును తిరగవేసి, ముందు విభాగం తనకు కావలసినది వెనుక విభాగం నుంచి తెచ్చుకునేలా చేశాడు. ఏ భాగం ఎన్ని కావాలో తెలిపే చీటీయే కాన్‌బాన్. అది లేనిదే తయారీ లేదు.

అయితే చిన్న విడతలు గిట్టుబాటు కావాలంటే యంత్రాన్ని త్వరగా మార్చగలగాలి. పారిశ్రామిక ఇంజనీరు షిగెవో షింగో సహాయంతో టొయోటా, భారీ ప్రెస్ యంత్రంలో అచ్చు మార్చేందుకు పట్టే నాలుగు గంటలను 1970 నాటికి మూడు నిమిషాలకు కుదించింది. యంత్రం ఆగినప్పుడే చేయవలసిన పనులను, నడుస్తుండగానే చేసుకోదగిన పనుల నుంచి విడదీయడమే ఇందులోని కీలకం. టొయోటా హారిస్ లెక్కను తప్పని నిరూపించలేదు; ఆ లెక్కలోని అంకెనే మార్చింది.

1973 చమురు సంక్షోభంలో టొయోటా ఇతరులకంటే త్వరగా కోలుకోవడంతో ఈ పద్ధతి ప్రపంచం దృష్టికి వచ్చింది. కాని దాన్ని అనుకరించిన సంస్థల్లో పెక్కు నిల్వ తగ్గింపును స్వీకరించి, సరఫరాదారుల సామీప్యాన్ని విడిచిపెట్టాయి. టొయోటాకు భాగాలందించే సంస్థలు ఎక్కువగా దాని సొంత ప్రాంతమైన ఐచిలోనే ఉండగా, 1956లో మాల్కమ్ మెక్‌లీన్ ఆరంభించిన కంటెయినర్ నౌకాయానం రవాణాను చౌక చేసి, సరఫరా గొలుసును ఖండాలు దాటించింది. గొలుసు పొడవైన కొద్దీ, దుకాణంలో గిరాకీ కాస్త పెరిగితే టోకు వర్తకుడు మరికొంత, కర్మాగారం ఇంకెంతో ఎక్కువ కోరుకోవడం జరుగుతుందని జే ఫారెస్టర్ 1958లోనే చూపాడు. కొరడా పిడి వద్ద చిన్న కదలిక కొసన పెద్ద ఊపవుతుంది గనుక దీనికి కొరడా ప్రభావమన్న పేరు స్థిరపడింది. అమ్మకాల సమాచారాన్ని గొలుసు పొడవునా పంచుకోవడమే దీనికి ప్రధాన చికిత్స.

టొయోటా పద్ధతికి కఠినపరీక్షలు సొంతగడ్డ మీదే ఎదురయ్యాయి. 1997 ఫిబ్రవరి 1న కారియాలో, టొయోటాకు భాగాలందించే ఐసిన్ సంస్థ కర్మాగారం తగలబడి, బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వ్ సరఫరా ఆగి, టొయోటా కర్మాగారాలు మూతపడ్డాయి. 60కి పైగా సంస్థలు ఆ వాల్వ్ తయారీని పంచుకోవడంతో కొద్ది రోజుల్లోనే ఉత్పత్తి పుంజుకుంది. ఇక్కడ గట్టెక్కించింది నిల్వ కాదు, ఇరుగుపొరుగు సంబంధం. 2011 మార్చి భూకంపం తరువాత మాత్రం సంస్థ తన సరఫరాదారుల వెనుకనున్న సరఫరాదారుల వివరాలనూ సేకరించి, చిప్‌ల వంటి భాగాలను నెలల తరబడి సరిపడేంత నిల్వ ఉంచవలసిందిగా సరఫరాదారులను కోరింది. 2021 ఆరంభంలో చిప్‌ల కొరతతో ఇతర కార్ల సంస్థలు తల్లడిల్లినప్పుడు ఆ నిల్వలే దాన్ని ఆదుకున్నాయి. అయినా ఆగ్నేయాసియాలో కొవిడ్ విజృంభించి అక్కడి భాగాల రాక తగ్గడంతో, అదే ఏడాది సెప్టెంబరుకు వేసుకున్న ప్రపంచ ఉత్పత్తి ప్రణాళికలో అది కూడా దాదాపు 40 శాతం కోత పెట్టుకోవలసి వచ్చింది.