నుకూస్ నేర్పే పాఠం

ఉజ్బెకిస్తాన్ రాజధాని తాష్కెంట్‌కు పశ్చిమంగా దాదాపు 800 కిలోమీటర్ల దూరంలో, కిజిల్‌కుమ్ ఎడారికి ఆవల, నుకూస్ పట్టణం ఉంది. కరకల్పక్ ప్రజల స్వయంపాలక రిపబ్లిక్‌కు అది ముఖ్యపట్టణం. పత్తిసాగు కోసం నదులను మళ్లించగా ఎండిపోయిన ఆరల్ సముద్రం ఆ ప్రాంతానిదే. ఉప్పుధూళి తప్ప చూడటానికేముందనిపించే ఆ ఊళ్లో 80 వేలకు పైగా వస్తువులున్న కళామ్యూజియం ఉంది. 1920, 30ల నాటి రష్యన్, మధ్య ఆసియా నవ్యచిత్రకళకు అది పెద్ద భాండాగారం. మాస్కోలో నిలువనీడ లేని బొమ్మలు ఇంతదూరం ఎలా వచ్చాయి?

విప్లవం తర్వాత పదిహేనేళ్లపాటు సోవియట్ చిత్రకళలో అనేక ధోరణులు పక్కపక్కనే బతికాయి. 1932 ఏప్రిల్‌లో పార్టీ కేంద్రసంఘం తీర్మానంతో విడివిడి సాహిత్య, కళాబృందాలు రద్దయ్యాయి. 1934 రచయితల మహాసభ సోషలిస్టు వాస్తవికతను ఏకైక పద్ధతిగా నిలబెట్టింది. అంతవరకు విమర్శలో వాడుకమాట అయిన ‘రూపవాది’ నేరారోపణగా మారింది. పెట్టుబడిని ఎగతాళి చేస్తూ ‘పెట్టుబడి’ అనే బొమ్మ వేసిన మిఖాయిల్ కుర్జిన్ కూడా అరెస్టయి కొలీమా శిబిరాలకు పోయాడు. ఇంతకన్న విషాదహాస్యం ఏముంటుంది?

కీవ్‌లో 1915లో పుట్టిన ఇగర్ సవిత్‌స్కీ చిత్రకారుడు. 1950లో ఖ్వారెజ్మ్ పురావస్తు యాత్రాబృందంతో బొమ్మలు గియ్యడానికి వచ్చి, ఆ నేల మీద మనసుపడి అక్కడే స్థిరపడ్డాడు. మొదట అతను సేకరించింది నవ్యచిత్రాలు కాదు. కరకల్పక్ స్త్రీల కుట్టుపనులు, నగలు, తివాచీలు. పాతబడ్డాయని జనం పక్కన పెట్టేసిన వస్తువుల విలువను తిరిగి వాళ్లకే చూపించాడు. ఆ నమ్మకం పునాదిగా 1966లో మ్యూజియం తెరుచుకుంది. తర్వాతనే అతను చనిపోయిన చిత్రకారుల భార్యలను, పిల్లలను వెతుక్కుంటూ వెళ్లి, అటకల మీద, మంచాల కింద చుట్టిపెట్టిన బొమ్మలను తెచ్చాడు. చాలాసార్లు డబ్బు లేక అరువుమీదే తెచ్చాడు. నదేజ్దా బరవాయా రహస్యంగా గీసిన తెమ్నికోవ్ శిబిరం చిత్రాలు నాజీ శిబిరాలవని అధికారులకు చెప్పి కొనిపించాడంటారు. సోవియట్ శిబిరాన్ని హిట్లర్ శిబిరమని చెబితే అధికారులు నమ్మారంటే, ఆ చిత్రాల్లోని సత్యం ఎంతటిదో గ్రహించవచ్చు. 1984లో మరణించిన సవిత్‌స్కీ సమాధి నుకూస్‌లోనే ఉంది.

ఈ కథను సోషలిజం మీద కళ సాధించిన గెలుపుగా చెప్పే పాశ్చాత్య వ్యాఖ్యాతలున్నారు. అది సగం నిజమే. ఈ మ్యూజియం ఏ కోటీశ్వరుడి భవంతిలోనూ వెలియలేదు. బొమ్మలు కొన్నది ప్రజాధనంతో. ఆ సొమ్ము మంజూరు చేసింది కరకల్పక్ ప్రభుత్వ సంస్థలు. ఆ చిత్రకారుల్లో చాలామంది విప్లవానికి శత్రువులూ కారు. ఒక సమాజం తన బిడ్డలనే తరిమింది, ఆ సమాజంలోనే ఒక మూల వాళ్లను దాచింది కూడా. రెండూ చెప్పకపోతే చరిత్ర కాదు.

అభ్యుదయ విమర్శకులకు ఇక్కడ ఆలోచించాల్సింది ఉంది. ‘ప్రజలకు అర్థం కాదు’ అనే తీర్పు మన సమీక్షల్లోనూ వినిపిస్తుంది. ఏ ప్రజలు? నుకూస్‌లో పశువులు కాచుకునే కుటుంబాల స్త్రీలు కుట్టిన ఎర్రని అల్లికలకూ, మాస్కోలో రూపవాదమని తోసేసిన రంగులకూ ఒకే మ్యూజియంలో చోటు దొరికింది. ముదురు రంగులు, విరిగిన గీతలు, ముఖం లేని ఆకారాలు ఆ స్త్రీల అల్లికల్లో ఎప్పటినుంచో ఉన్నవే. ప్రజల పేరు మీద తీర్పు చెప్పినవాళ్లు ప్రజల కళను శ్రద్ధగా చూడలేదన్నమాట.

దీన్నిబట్టి విమర్శ మానుకోవాలని కాదు. నచ్చని రచనను నచ్చలేదనే చెప్పాలి, గట్టిగానే చెప్పాలి. అయితే విమర్శకుడి అభిప్రాయానికీ అధికారి ఉత్తర్వుకీ మధ్య గీత చెరిగిపోకూడదు. అభిప్రాయం తప్పయితే తర్వాతి తరం దిద్దుకుంటుంది. తగలబెట్టిన బొమ్మను ఏ తరమూ దిద్దలేదు. మనకు నచ్చనివాటిని కూడా దాచే చోటు ఉండాలి. నుకూస్ చెప్పేది ఇదే.