గుండెపురుగు

బోదకాలు అను మాటను కోస్తా జిల్లాలవారికి విడమరచి చెప్పనక్కరలేదు. దారపుపోగువంటి పురుగు దానికి మూలమనియు, దోమకాటువలన అది ఒడలిలో చేరుననియు నేడు బడిపిల్లలు సైతము ఎరుగుదురు. ఆ పురుగునకు దాయాది యొకటి కుక్క గుండెలో కాపురముండుననుట మాత్రము పెక్కుమందికి వింతగా తోచును. ఈ దాయాదులపై ప్రయోగింపబడిన మందుల చరిత్రలు ఒండొంటితో పెనవేసికొని యున్నవి. అందు ఒక తెలుగువాని చేయి కూడ కలదు కావున మనము దానిని చెప్పుకొనవలసియున్నది.

1856లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున జోసెఫ్ లైడీ అను శాస్త్రజ్ఞుడు కుక్క గుండెలోని పురుగును వర్ణించి దానికి ‘ఇమ్మిటిస్’ అని పేరిడెను. లాటిను భాషలో ఆ మాటకు నిర్దయమైనదని అర్థము. పేరు తగినదే. ఆడపురుగు జానెడు దాటి పన్నెండంగుళముల వరకు పెరుగును. గుండె కుడిభాగమునను, ఊపిరితిత్తులకు పోవు నాళములయందును చేరి అయిదారేండ్లు బ్రతుకును. కుక్క మొదట దగ్గును; పిదప కొలదిదూరము పరుగెత్తగనే కూలబడును; తుదకు పొట్ట నీరుపట్టును. ఈ లక్షణములు పైకి కనబడునప్పటికి లోపల జరుగవలసిన కీడు చాలవరకు జరిగియే యుండును.

దీనిని మోయునది దోమయే. చైనా తీరమునందలి ఆమోయ్ రేవులో వైద్యుడుగా నున్న పాట్రిక్ మాన్సన్, మనుష్యుని నెత్తురులోని పురుగుపిల్లలు దోమ కడుపున పెరుగుటను 1877లో చూచెను. ఐతే అవి తిరిగి మనుష్యుని చేరుట దోమ పడి చచ్చిన నీటిని త్రాగుటవలననే యని ఆయన తలచెను. ఇటలీలో గ్రాసీ, నోయే అనువారు 1900లో కుక్కపురుగును పరిశోధించి, దోమకాటే దారియని తేల్చిరి. దోమలో రెండు వారములు పెరిగిన పిల్లలు కుక్క చర్మములో దిగును. రెండు నెలలు చర్మము క్రిందను కండలలోను తిరిగి, తరువాత నెత్తురులో ప్రవేశించును. పూర్తిగా ఎదుగుటకు ఆరేడు నెలలు పట్టును. నివారణకు చిక్కెడు అదను ఆ మొదటి రెండు నెలలే.

ఎదిగిన పురుగును చంపుట కష్టము. ఆర్సెనిక్ కలిసిన మందులే దానికి పూర్వమునుండి వాడుకలో నున్నవి. నేటి మందును ఆ కుటుంబములోనిదే. చచ్చిన పురుగు ముక్కలై ఊపిరితిత్తుల నాళములలో అడ్డుపడును గనుక, చికిత్స జరుగునంత కాలము కుక్కను పరుగెత్తనీయక కట్టియుంచవలెను. శత్రువు చచ్చియు చంపుననుటకు ఇంతకంటె మంచి యుదాహరణము మాకు తెలియదు.

ఇక తెలుగువాని మాట. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనలకు అధ్యక్షులై యుండిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున పసిఫిక్ దీవులలో అమెరికా సైనికులనేకులు ఫైలేరియా బారినపడిరి. మందు కావలసివచ్చెను. సుబ్బారావుగారి ఆధ్వర్యవమున హెవిట్ మొదలగువారు ఎలుకలకును, గుండెపురుగు పట్టిన కుక్కలకును మందులనిచ్చి పరీక్షించి, 1947లో డైఇథైల్‌కార్బమజైన్‌ను ప్రకటించిరి. మరుసటి సంవత్సరమే సుబ్బారావుగారు స్వర్గస్థులైరి. మనదేశమున 1955లో మొదలైన ఫైలేరియా నియంత్రణ కార్యక్రమమునకు ఈ మందే ఆధారమైనది. 2004 నుండి ఊరూర పంచిన మాత్రలలోను ఇది ఉన్నది.

మనుష్యునికొరకు వెదకిన ఈ మందు, దినదినము తినిపించినచో కుక్కను గుండెపురుగునుండి కాపాడునని కొన్నేండ్లకు తెలియవచ్చెను. కాని దినదినమనుటలోనే చిక్కున్నది. ఇంటిల్లపాది ఊరికిపోయినప్పుడు కుక్కకు మాత్ర ఎవరు వేయుదురు? అంతకంటె పెద్ద చిక్కు మరియొకటి. నెత్తురులో అప్పటికే పురుగుపిల్లలున్న కుక్కకు ఈ మందు వేసినచో ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయము కలుగుచుండెను. ముందు నెత్తురు పరీక్ష, పిదపనే మాత్ర అను నియమము ఇట్లు బలపడెను.

తరువాతి మందు ఇందుకు విరుద్ధమైన దారిని నడచెను. జపానులో ఇతో పట్టణము చెంత, గోల్ఫు మైదానము సమీపమున తీసిన మట్టిలో సతోషి ఒమురాకు ఒక సూక్ష్మజీవి లభించెను. అమెరికాలో విలియం క్యాంబెల్ బృందము దానినుండి ఐవర్‌మెక్టిన్‌ను సాధించెను. మొదట అది పశువుల మందు. 1987లో అది రెండు కొత్త పనులకు పూనుకొన్నది: ఒకటి కుక్కలలో గుండెపురుగు నివారణ, రెండవది ఆఫ్రికా నదీతీరములలో మనుష్యులను గ్రుడ్డివారిని చేయు మరియొక దాయాదిపురుగును అణచుట. ఒమురా, క్యాంబెల్‌లకు 2015లో నోబెల్ బహుమానము లభించెను.

కుక్కకు కావలసినది కిలో బరువునకు నెలకు 6 మైక్రోగ్రాములు. ఒక్క గ్రాము మందు, పది కిలోల కుక్కలు పదునారువేలకు ఒక నెల చాలును! ఈ మాత్ర రాబోవు నెలకు కవచమని పలువురు భావింతురు. నిజమునకది వెనుకకు చూచును. గడచిన నెలలో దోమ దింపిన పిల్లలను వెదకి చంపును. కావుననే దోమలకాలము ముగిసిన పిమ్మట సైతము ఒక మాత్ర వేయవలసియుండును. అమెరికాలో మిసిసిపీ నదీలోయ దిగువభాగమున ఈ తరగతి మందులకు లొంగని పురుగులు బయలుదేరినవి. అచ్చటి పశువైద్యులకు ఇప్పుడదియే చింత.

మనదేశమున గుండెపురుగు ముఖ్యముగా అస్సాము, మిజోరము వంటి ఈశాన్యప్రాంతములలో కనబడినది. దక్షిణమున చర్మము క్రింద నివసించు దాయాదులు ఎక్కువ. కావున ఏ ఊరి కుక్కకు ఏ మాత్ర యనునది ఆ ఊరి పశువైద్యుని అడిగి తెలిసికొనవలసినదే. పశువులకని అమ్మెడు ఐవర్‌మెక్టిన్ సూదిమందును చుక్కలలెక్కన కుక్కకు పట్టించుట కొన్ని ఇండ్లలో కలదు. కిలోకు 6 మైక్రోగ్రాములను అట్లు కొలుచుట అసాధ్యము. కోలీ మొదలగు కొన్ని జాతుల కుక్కలలో మందును మెదడులోనికి పోనీయని కాపలా లోపించి యుండుననియు, దానికి కారణమైన జన్యుదోషమిదియనియు 2001లో తేలినది. అట్టి కుక్కకు మోతాదు మించినచో తూలును, చూపు పోవును, మూర్ఛలోనికి జారును. నెలమాత్రలో ఉండు స్వల్పప్రమాణము మాత్రము వానికిని కీడు చేయదు.