ఊడ్పు కూలి, దింపు కూలి: కోనసీమలో సమాన వేతన ప్రశ్న

కోనసీమ పల్లెల్లో కూలి రేటు అడిగితే జవాబు రెండు అంకెల్లో వస్తుంది: మగకూలి ఇంత, ఆడకూలి ఇంత. ఏ పనికి అన్నది తర్వాతి మాట. సమాన పనికి సమాన వేతనమనే సూత్రం ఇక్కడ తడబడటానికి కారణం ఆ వరుసలోనే ఉందని ఈ వ్యాసం ప్రతిపాదన.

పనుల పంపకం

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ ఉన్న ఈ నేలకు 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కాలవనీరు ఇచ్చింది. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) పంటలు ఆ కాలవనీటి మీదే సాగుతున్నాయి. దమ్ము, గట్టుపని మగవాళ్లవి. ఊడ్పు, కలుపు ఆడవాళ్లవి. ఊడ్చే మనిషి ఎడమచేత ఆకుకట్ట పట్టి, కుడిచేతి వేళ్లతో నాలుగేసి మొక్కలు విడదీసి బురదలో గుచ్చుతూ వెనక్కి జరుగుతుంది. లోతుగా పెడితే దుబ్బు సరిగా కట్టదు. పైపైన పెడితే నీటికి తేలిపోతుంది. ఆ లోతు వేళ్లకే తెలియాలి. పొద్దు వాలేసరికి నడుం పట్టేస్తుంది, నీటిలో నానిన కాలివేళ్ల సందులు ఒరుసుకుపోతాయి. అయినా దీన్ని నేర్పుగా కాక అలవాటుగానే లెక్కగడతారు.

కొబ్బరితోటలో దింపు కూలి చెట్టు లెక్కన, ఒలుపు కూలి కాయల లెక్కన తెగుతుంది. చెట్టెక్కేవాడి ప్రాణభయానికి ధర కట్టడం న్యాయమే. కిందపడిన కాయలు ఏరి, మోసి, రాశి పోసే స్త్రీకి మాత్రం రోజుకూలే. వరికోత మిషన్లు వచ్చాక కొడవలి పట్టిన చేతులకు పని తగ్గింది. స్టీరింగు మగవాడి చేతికి వెళ్లింది.

చట్టం చూపు

రాజ్యాంగం 39(డి) అధికరణ సమాన పనికి సమాన వేతనం ఆదేశించింది. 1976 సమాన వేతన చట్టం, దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్ కూడా ‘అదే పని లేదా అలాంటి పని’ అన్న కొలమానాన్నే పట్టుకున్నాయి. మెకిన్నన్ మెకంజీ కంపెనీ కేసులో ఆడ్రీ డికోస్టా అనే స్టెనోగ్రాఫర్ 1987లో సుప్రీంకోర్టులో గెలిచింది. పక్కన అదే పని చేసే పురుష స్టెనోగ్రాఫర్లు ఉన్నారు కాబట్టి పోలిక నిలబడింది. ఊడ్పుచేలో ఊడ్చే మగవాడు లేడు. ఎవరితో పోల్చాలి?

దీనికి దారి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951 నాటి 100వ ఒడంబడికలో ఉంది. భారత్ 1958లో ఆమోదించిన ఆ పత్రం ‘సమాన విలువ గల పని’ అంటుంది. అంటే ఊడ్పును దింపుతోనూ తూచవచ్చు: నేర్పు, శ్రమ, బాధ్యత, పని పరిస్థితులను బట్టి.

ముగింపు

ఈ తూకం పల్లెకు కొత్తేమీ కాదు. కాలవలకు నీళ్లొదిలాక ఊడ్పులు అన్ని చేలకూ ఒక్కసారే ముంచుకొస్తాయి. అప్పుడు ఆడవాళ్ల జట్టు ఎకరానికింతని గుత్త మాట్లాడుకుంటుంది. ఆ నాలుగురోజులూ ధర పనికే పడుతుంది. 2005 ఉపాధి హామీ చట్టం కింద కూడా చెరువుమట్టికి కొలతను బట్టే కూలి కట్టారు. ఆడా మగా రేటు ఒకటే. కానీ ఊడ్పుల అదను దాటగానే కలుపు రోజుల్లో మళ్లీ ఆడకూలి లెక్కే వస్తుంది. కనీస వేతనాలు నిర్ణయించేవారు ముందు తూచాల్సింది ఆ కలుపు పనినే.