ఉస్మానియా ఆసుపత్రి చింతచెట్టు

ఉస్మానియా ఆసుపత్రి చింతచెట్టు హైదరాబాదు నగరంలోని అఫ్జల్‌గంజ్‌లో, మూసీ నది ఉత్తరపు ఒడ్డున ఉన్న ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని పురాతన వృక్షం. 1908 నాటి మూసీ వరదలో సుమారు 150 మంది ఈ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు.

1908 వరద

అప్పట్లో ఈ స్థలంలో అఫ్జల్ పార్కు అనే ఉద్యానవనం ఉండేది. 1908 సెప్టెంబరు చివరి వారంలో మూసీ ఎగువ ప్రాంతాలలో కుంభవృష్టి కురిసినది. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళాల వర్షపాతం నమోదైనది. పరీవాహక ప్రాంతంలోని 788 చెరువులలో 221 తెగిపోయినవి. పై చెరువు తెగిన నీరు కింది చెరువు కట్టను తెంచుతూ రావడం వలన సెప్టెంబరు 28న వరద నగరంపై విరుచుకుపడినది. అఫ్జల్ వంతెన కొట్టుకుపోయినది. సుమారు 15 వేల మంది మరణించినట్లు అంచనా. ప్రసిద్ధ ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ ఈ వరదలో తల్లిని, భార్యను, కుమార్తెను కోల్పోయాడు.

వృక్ష లక్షణాలు

చింత శాస్త్రీయ నామం టామరిండస్ ఇండికా. ఇది ఫాబేసి కుటుంబానికి చెందినది. దీని తల్లివేరు భూమిలోనికి లోతుగా దిగుతుంది. కలప మిక్కిలి గట్టిది; కొమ్మలు దృఢంగా ఉండి సులభంగా విరగవు. పెనుగాలులకు సైతం తట్టుకొనే వృక్షాలలో చింత ఒకటి.

వరద అనంతర చర్యలు

వరద నివారణకై నిజాం ప్రభుత్వం 1909లో ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించినది. ఆయన సూచనల ఫలితంగా మూసీపై ఉస్మాన్ సాగర్ (1920), దాని ఉపనది ఈసీపై హిమాయత్ సాగర్ (1927) నిర్మాణమైనవి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, విన్సెంట్ ఎష్ రూపకల్పనతో, చెట్టున్న ఈ స్థలంలోనే ఆసుపత్రి భవనం వెలసినది.

ప్రాముఖ్యత

వరద సంస్మరణార్థం సెప్టెంబరు 28న నగరవాసులు ఈ చెట్టు కింద సమావేశమవుతూ వచ్చారు. 2025 సెప్టెంబరులో జలాశయాల నుండి విడుదలైన నీటితో మూసీ మరల పొంగి, సమీపంలోని మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌ను ముంచెత్తినది. ఆసుపత్రి కొత్త భవనాలకు 2025 జనవరిలో గోషామహల్ వద్ద శంకుస్థాపన జరిగినది. ఆసుపత్రి అక్కడికి తరలినను, వరదను చూసిన ఈ చెట్టును ఉన్నచోటనే కాపాడుకోవలసి ఉన్నది. చెట్టు చుట్టూ నేలను సిమెంటుతో కప్పకుండుట, వేళ్ళకు దగ్గరగా తవ్వకాలు జరపకుండుట ఇట్టి వృక్షాల రక్షణకు ముఖ్యమైన జాగ్రత్తలు.